ఇండెంటులో ‘కొలోస్టమీ బ్యాగులు’ అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు, కార్యదర్శులకు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకాలు నడిపే అధికారులకు. రెండు రాష్ట్రాల్లో మందులు కొనే సంస్థలకు. జిల్లా ఆసుపత్రుల, బోధనాసుపత్రుల సూపరింటెండెంట్లకు

నమస్కారం.

మేము స్టోమా ఉన్నవారికి బ్యాగు మార్చడం నేర్పే నర్సులం, ఆ ఆపరేషన్లు చేసే వైద్యులం. ఉన్న పథకంలోనే, ఉన్న కొనుగోలు పద్ధతిలోనే ఒక వస్తువు పేరు సరిగ్గా రాయమనీ, అది మనిషి ఇంటిదాకా చేరేలా చూడమనీ అడగడానికి ఈ లేఖ రాస్తున్నాం.

పెద్దపేగు క్యాన్సర్, టైఫాయిడ్‌లో పేగుకు చిల్లు, పేగు మెలిపడటం, ప్రమాదంలో పొట్టకు దెబ్బ, పుట్టుకతోనే మలద్వారం లేకపోవడం. కారణం ఏదైనా, పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి కుడితే దాన్ని స్టోమా అంటాం. గ్రీకులో ఆ మాటకు నోరు అని అర్థం. దానికి బిగించి మూసే కండరం ఉండదు. మలం ఎప్పుడు వస్తుందో, మూత్రం ఎప్పుడు వస్తుందో మనిషి చేతిలో లేదు. అందుకే అవి పడేలా స్టోమా మీద, పొట్టకు ఒక బ్యాగు అతికించుకోవాలి. కాలు పోయినవారికి కృత్రిమ కాలు ఎలాంటిదో వీరికి ఆ బ్యాగు అలాంటిది. ఆపరేషన్ ఖర్చు పథకం భరిస్తుంది. ఆ తర్వాత రోజూ కావలసిన బ్యాగు దగ్గరికి వచ్చేసరికి అది దూది, ప్లాస్టర్ సరసన చిల్లర సరుకు అయిపోతుంది. బ్యాగు దొరకని ఇంట్లో పాలిథిన్ కవరు కట్టి, పైన గుడ్డ బిగిస్తారు. రెండు రోజుల్లో చుట్టూ చర్మం ఒరిసిపోతుంది. ఒరిసి చెమ్మగిల్లిన చర్మానికి ఆ తర్వాత ఎంత మంచి బ్యాగు తెచ్చినా అతుక్కోదు. అక్కడి నుంచి లీకు, లీకు వల్ల మరింత పుండు, పుండు వల్ల మళ్లీ లీకు.

‘కొలోస్టమీ బ్యాగులు - 100.’ ఇండెంట్లలో, అంటే కావలసిన సరుకు కోసం ఆసుపత్రి రాసి పంపే జాబితాల్లో, మనకు అలవాటైన పంక్తి ఇది. దీన్ని చూసి సరఫరాదారు ఏది పంపినా తప్పు పట్టలేం, ఎందుకంటే ఇందులో ఏ బ్యాగో లేదు. చెప్పుల దుకాణానికి ‘చెప్పులు - 100’ అని రాసి పంపితే ఎవరి కాలికి పడతాయి?

ముందు స్టోమా రకాలు చూడండి. పెద్దపేగు చివరి భాగం నుంచి పెట్టింది కొలోస్టమీ. సాధారణంగా పొట్టకు ఎడమ వైపు కింద ఉంటుంది. మలం కొంత గట్టిగా, రోజుకు ఒకటి రెండు సార్లు వస్తుంది. చిన్నపేగు నుంచి పెట్టింది ఇలియోస్టమీ. ఎక్కువగా కుడి వైపు ఉంటుంది. అందులోంచి వచ్చేది పలచగా, రోజంతా వస్తూనే ఉంటుంది. అందులోని జీర్ణరసాలు ఆహారాన్ని కరిగించినట్టే చర్మాన్నీ కరిగిస్తాయి. మూత్రాశయం తీసేసినవారికి చిన్నపేగు ముక్కతో చేసే దారి యూరోస్టమీ. చుక్క చుక్కగా మూత్రం ఆగకుండా వస్తుంది. ఈ ముగ్గురికీ ఒకే బ్యాగు పనికిరాదు. కొలోస్టమీ వారికి కింద మూసి ఉన్న బ్యాగు సరిపోవచ్చు. ఇలియోస్టమీ వారికి కింద తెరిచి ఖాళీ చేసి, మడిచి, క్లిప్పుతో గానీ అంటుకునే పట్టీతో గానీ మూసే బ్యాగు తప్పనిసరి. మూసిన బ్యాగు ఇస్తే రోజుకు ఆరేడు వాడాలి. యూరోస్టమీ బ్యాగుకు కింద కొళాయి ఉండాలి, లోపల మూత్రం తిరిగి స్టోమా వైపు ఎక్కకుండా ఆపే కవాటం ఉండాలి. రాత్రికి ఆ కొళాయికి 2 లీటర్ల మూత్రపు సంచిని ట్యూబుతో కలుపుకోవాలి, ఆ రెండింటినీ కలిపే చిన్న కనెక్టర్ కూడా ఇవ్వాలి. ఆ ముక్క లేకపోతే మనిషి రాత్రి మూడుసార్లు లేవాల్సిందే.

ఆ తర్వాత, బ్యాగు ఒక్క ముక్కా, రెండు ముక్కలా అనేది. ఒక్క ముక్కదైతే అతికే ప్లేటు, సంచి కలిసే ఉంటాయి. రెండు మూడు రోజులకు మొత్తం మార్చాలి. రెండు ముక్కలదైతే ప్లేటు చర్మానికి అతుక్కుని మూడు నాలుగు రోజులు ఉంటుంది. దాని మీది రింగుకు సంచి టక్కున బిగుసుకుంటుంది, మధ్యలో సంచిని మాత్రం తీసి కడిగి పెట్టుకోవచ్చు, మార్చుకోవచ్చు. వేళ్లు వణికేవారికి, చూపు తగ్గినవారికి ఒక్క ముక్క తేలిక. ఒంటి మీద ప్లేటును తరచూ పీకితే చర్మం తట్టుకోలేనివారికి రెండు ముక్కలది మేలు.

కొనుగోలు సంస్థలు గట్టిగా గుర్తుంచుకోవలసిన విషయం ఇక్కడే ఉంది. రింగుల సైజులు కంపెనీకో తీరు. ఒకరు 45, 57, 70 మిల్లీమీటర్లలో చేస్తే మరొకరు 40, 50, 60లో చేస్తారు. సైజు అంకె ఒకటే అయినా ఒక కంపెనీ సంచి మరో కంపెనీ ప్లేటుకు నమ్మకంగా బిగుసుకోదు. పట్టినట్టే పట్టి, వంగినప్పుడు ఊడుతుంది. ప్లేటుకు ఒక టెండరు, సంచికి మరో టెండరు పెట్టి, ఎవరు తక్కువ ధర వేస్తే వారి దగ్గర కొంటే గోదాములో రెండూ నిండుగా ఉంటాయి, మనిషి పొట్ట మీద మాత్రం కలవవు. ప్లేటు, సంచి ఒకే కంపెనీవి, ఒకే జతగా కొనాలి. సరఫరాదారు మారిన ఏడాది పాత జతలు పూర్తిగా అయిపోయేదాకా వాటికి తగిన రెండో ముక్క కూడా నిల్వలో ఉండేలా చూడాలి.

ప్లేటు దేనితో చేశారన్నది మరీ ముఖ్యం. చర్మాన్ని కాపాడే ప్లేటు హైడ్రోకొల్లాయిడ్‌తో చేస్తారు: జెలటిన్, పెక్టిన్, సోడియం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ లాంటి చెమ్మ పీల్చే పదార్థాలను బంకలాంటి రబ్బరులో కలిపి పరుస్తారు. చెమటను పీల్చుకుంటూనే చర్మానికి అంటి ఉండటం దీని గుణం. చౌకగా దొరికే కొన్ని సంచులకు ఈ పొర ఉండదు, రంధ్రం చుట్టూ ప్లాస్టర్ జిగురు మాత్రమే ఉంటుంది. అది నాలుగైదుసార్లు పీకేసరికి చర్మం పై పొర దానితోపాటే లేచివస్తుంది. ధర పట్టికలో రెండింటి పేరూ ‘కొలోస్టమీ బ్యాగు’ కావడమే చిక్కు.

ఈ ప్లేటు చరిత్రలో మన అడవుల పాత్ర ఉంది, అది చెప్పకుండా ఉండలేం. హైడ్రోకొల్లాయిడ్ రాకముందు, 1950ల్లో, అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్ స్టోమా చుట్టూ చర్మాన్ని కాపాడటానికి కరాయా జిగురు పొడిని వాడాడు. ఎన్నో ఏళ్లపాటు ఆ జిగురుతో చేసిన ఉంగరాలే ప్రపంచంలో చాలామంది స్టోమాలకు రక్షణ. కరాయా అంటే మన తపసి జిగురే. మన ఏజెన్సీ కొండల్లో గిరిజనులు తపసి చెట్టుకు గాటు పెట్టి సేకరించే ఆ జిగురును గిరిజన సహకార సంస్థ కొంటూ వస్తోంది. ఆ కొండ మీది మనిషికే పేగు ఆపరేషన్ అయితే, అతనికి మామూలు ప్లేటు కూడా అందాలని కోరడం ఎక్కువ కాదనుకుంటాం.

ఇక సైజు. ఆపరేషన్ అయిన కొత్తలో స్టోమా వాచి ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తగ్గుతూ ఒక కొలతకు వస్తుంది. డిశ్చార్జి రోజున 40 మి.మీ. ఉన్నది నెలన్నర తర్వాత 30 కావచ్చు. కాబట్టి మొదటి రెండు నెలలూ ముందే రంధ్రం కోసిన ప్లేట్లు ఇవ్వకూడదు. కత్తిరించుకునేవే ఇవ్వాలి, దాంతోపాటు కొలత కార్డు ఇవ్వాలి. కార్డులోని రంధ్రాలను స్టోమా మీద పెట్టి చూసి, చుట్టూ 2 లేక 3 మి.మీ. ఎడం వచ్చేలా కోయాలి. అంతకంటే పెద్ద రంధ్రమైతే ఆ ఖాళీలో మలం నిలిచి చర్మాన్ని తినేస్తుంది. మరీ బిగువుగా కోస్తే ప్లేటు అంచు స్టోమాను కోస్తుంది. స్టోమాకు నొప్పి తెలిసే నరాలు లేవు, కోసుకుపోతున్నా మనిషికి తెలియదు, సంచిలో రక్తం చూసినప్పుడే తెలుస్తుంది. మేము చూసే పుండ్లలో ఎక్కువ భాగానికి కారణం పాత కొలతతోనే నెలల తరబడి కోస్తూ పోవడం. రెండు నెలలదాకా వారానికోసారి కొలవాలని డిశ్చార్జి కాగితంలో రాస్తే చాలు, ఇది చాలావరకు ఆగుతుంది.

మార్చే పద్ధతి కూడా ఇక్కడే రాస్తున్నాం. ప్రతి వార్డులో తెలుగులో, పెద్ద అక్షరాలతో, బొమ్మలతో ఒక కాగితం అచ్చువేయించి ఇవ్వమని మా విన్నపం. దాని వస్తువు ఇది కావచ్చు.

పొద్దున్నే, ఏమీ తినకముందు, తాగకముందు మార్చాలి. ఆ వేళ స్టోమా కాస్త నెమ్మదిగా ఉంటుంది. ముందు సంచి ఖాళీ చేయాలి. కొత్త ప్లేటు, సంచి, కొలత కార్డు, మొన వంగిన చిన్న కత్తెర, గోరువెచ్చని నీళ్లు, మెత్తని నూలు గుడ్డలు, పాతది చుట్టడానికి కాగితం దగ్గర పెట్టుకోవాలి. పాత ప్లేటును పై అంచు నుంచి కిందికి తీయాలి. ప్లేటును లాగడం కాదు, తడి గుడ్డతో చర్మాన్ని కిందికి నొక్కుతూ ప్లేటు నుంచి విడదీయాలి. తీసిన ప్లేటు వెనక వైపు తప్పకుండా చూడాలి. ఎక్కడ ఉబ్బి తెల్లబడి, కరిగిపోయి ఉందో అటువైపే లీకు మొదలైంది. అక్కడ చర్మం మీద ముడత ఉందేమో, గుంట ఉందేమో చూడాలి. కడగడానికి మామూలు నీళ్లు చాలు. డెటాల్, స్పిరిట్ వద్దు. కొబ్బరినూనె, వాజలిన్, ఒంటికి రాసుకునే పౌడర్ అసలే వద్దు. వీటిలో ఏది రాసినా ప్లేటు పట్టదు. తుడిచేటప్పుడు స్టోమా నుంచి ఒకటి రెండు చుక్కల రక్తం వస్తే భయపడక్కర్లేదు, చిగుళ్లలాగే అదీ సున్నితం. గుడ్డతో అద్ది, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి. ఆరకుండా అతికించిన ప్లేటు సాయంత్రానికి ఊడుతుంది.

చర్మం ఒరిసి తడిగా ఉన్నచోట మాత్రమే స్టోమా పౌడర్ చల్లాలి, అంటనిది దులిపేయాలి. మంచి చర్మం మీద చల్లితే ప్లేటుకూ చర్మానికీ మధ్య ధూళిలా అడ్డుపడుతుంది. పేస్టు విషయంలో అపోహ ఎక్కువ. అది జిగురు కాదు. కిటికీ చట్రం పక్కన సందు పూడ్చే లప్పం లాంటిది. ముడతలో, గుంటలో, కోసిన రంధ్రం అంచున సన్నని పూసలా పెట్టి ఒక నిమిషం ఆగాలి. ప్లేటు వెనక అంతా పులిమితే పట్టు తగ్గుతుంది, ట్యూబు వారానికే అయిపోతుంది. చాలా పేస్టుల్లో ఆల్కహాల్ ఉంటుంది, పుండు మీద భగ్గుమంటుంది. అలాంటి వారికీ పసిపిల్లలకూ ఆల్కహాల్ లేని మెత్తని సీలు ఉంగరం ఇవ్వాలి. ప్లేటును అరచేతుల మధ్య ఒకటి రెండు నిమిషాలు వెచ్చబెట్టి, కాగితం తీసి, కింది అంచు నుంచి పైకి అతికించి, అరచేయి దాని మీద ఐదు నిమిషాలు ఉంచాలి. ఈ ఐదు నిమిషాలు ఎవరూ ఉంచరు. ప్లేటు పట్టు ఒంటి వేడి మీద ఆధారపడింది, కాబట్టి ఆ ఐదు నిమిషాలే నాలుగు రోజుల పట్టు.

సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి, సగం దాటనివ్వకూడదు. బరువుకు ప్లేటు కిందికి జారుతుంది. గాలికి ఉబ్బితే సూదితో పొడవకూడదు. ఆ రంధ్రం నుంచి వాసనతోపాటు తడి కూడా వస్తుంది, ఆ సంచి ఇక పనికిరాదు. తెరిచే సంచి అయితే కొసను కొద్దిగా తెరిచి గాలి వదలాలి. నేల మీది లెట్రిన్‌లో ముందు ఒక మగ్గు నీళ్లు పోసుకుంటే చిందదు. మూసే ముందు సంచి మూతి లోపల రెండు సెంటీమీటర్ల మేర తుడవాలి. వాసన వస్తోందని చెప్పేవారిలో చాలామందికి మూలం అక్కడే దొరుకుతుంది.

స్టోమా ఎక్కడ పెట్టారన్నది ఎన్ని సరుకులు ఇచ్చినా సరిదిద్దలేని విషయం. ఆపరేషన్ ముందు రోజు మనిషిని పడుకోబెట్టి, కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని చూసి గుర్తు పెట్టాలి. ముడతలో, పాత కుట్టు మీద, తుంటి ఎముక పక్కన, బొడ్డుకు ఆనుకుని పెట్టకూడదు. పొట్ట మధ్య గీతకు ఇరువైపులా నిలువుగా ఉండే కండరం గుండా రావాలి, తన కంటికి కనిపించే చోట ఉండాలి. మన దగ్గర ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. పావడా బొందు ఎక్కడ కడతారు? పంచె, లుంగీ ఎక్కడ బిగిస్తారు? నేల మీద మఠం వేసుకుని కూర్చునేవారికి పొట్ట ముడత వేరుగా పడుతుంది. కుర్చీలో కూర్చోబెట్టి మాత్రమే చూస్తే ఆ ముడత కనిపించదు. పదిహేను నిమిషాల పని ఇది. అత్యవసర ఆపరేషన్లలో ఎప్పుడూ వీలుకాదు, నిజమే. ముందే తేదీ ఖాయమైన క్యాన్సర్ ఆపరేషన్లలో దీన్ని వదిలేయడానికి కారణం లేదు.

అలాగే ఇలియోస్టమీ పేగు కొస చర్మం మీద 2 నుంచి 3 సెంటీమీటర్లు ముక్కులా పైకి ఉండాలి. 1952లో బ్రయన్ బ్రూక్ అనే బ్రిటిష్ సర్జన్, పేగు కొసను చొక్కా చేతి మడతలా తిరగేసి కుట్టే పద్ధతి చెప్పింది అందుకే. చర్మంతో సమంగానో లోపలికో ఉన్నదాన్ని మామూలు చదును ప్లేటుతో నిలపలేం. లోపలి వైపు ఉబ్బుగా ఉండే ప్లేటు, బెల్టు కావాలి. ఇండెంటులో కొన్నయినా ఈ ఉబ్బు ప్లేట్లు ఉండాలి. లేకపోతే ఇలాంటివారికి రోజుకు రెండు మామూలు ప్లేట్లు ఖర్చవుతాయి, అయినా చర్మం దక్కదు.

ఇప్పుడు లెక్క. ఒక ఆసుపత్రి పరిధిలో రెండు ముక్కల బ్యాగు వాడేవారు 40 మంది ఉన్నారనుకుందాం. 35 మందికి మలం వచ్చే స్టోమా, ఐదుగురికి యూరోస్టమీ. మనిషికి నెలకు 10 ప్లేట్లు: 400. తెరిచే సంచులు 12 చొప్పున 420. కొళాయి సంచులు 10 చొప్పున 50. లీకులకూ చేతిలో పాడైనవాటికీ పదో వంతు కలిపితే ప్లేట్లు 440, తెరిచే సంచులు 462, కొళాయి సంచులు 55. 60 గ్రాముల పేస్టు ట్యూబు సరిగ్గా వాడితే ఒకరికి రెండు నెలలు వస్తుంది, అంటే నెలకు 20. పౌడర్ చర్మం దెబ్బతిన్నవారికే. బెల్టు అవసరమైనవారికి ఆర్నెల్లకు ఒకటి. సైజులు ఊహించి రాయకండి. వార్డు రిజిస్టరులో ప్రతి స్టోమా రకం, మి.మీ.లో కొలత, ఇచ్చిన ప్లేటు సైజు రాస్తే మూడు నెలల్లో మీ ఆసుపత్రి వాటా మీకే తెలుస్తుంది. రింగు సైజు వేరు, ఆ ప్లేటులో ఎంతవరకు కోయవచ్చన్నది వేరు. టెండరు పత్రంలో రెండూ అడగండి.

కాబట్టి పాత పంక్తి స్థానంలో ఇలా రాయవచ్చు: ‘రెండు ముక్కల స్టోమా జత, హైడ్రోకొల్లాయిడ్ ప్లేటు, కత్తిరించుకునేది, చదును, రింగు ఇన్ని మి.మీ., గరిష్ఠంగా ఇన్ని మి.మీ. దాకా కోయగలిగేది, అదే కంపెనీ, అదే రింగు సైజు, కింద తెరిచే సంచి, కొలత కార్డుతో.’ ఉబ్బు ప్లేటు, యూరోస్టమీ జత, పిల్లల బ్యాగు వేర్వేరు పంక్తులు కావాలి. పిల్లల బ్యాగును పెద్దల బ్యాగుతో సరిపెట్టలేం. నెలల పాప పొట్ట మీద పెద్దల ప్లేటు బొడ్డు నుంచి తొడ మడతదాకా ఆక్రమిస్తుంది, కాలు ముడవగానే లేచిపోతుంది.

నిల్వ గురించి ఒక మాట. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద పెట్టిన ప్లేట్లు గడువు తేదీ లోపలే చెడిపోతాయి. బంక కరిగి అంచుల దగ్గర జారుతుంది, తర్వాత బిరుసెక్కుతుంది. వీటిని మందులతోపాటు చల్లని గదిలో, ఎండ తగలకుండా, చదునుగా ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. రోగికీ ఇదే చెప్పాలి. వేసవిలో చెమట వల్ల నాలుగు రోజుల ప్లేటు మూడు రోజులకే వదులుతుంది కనుక ఏప్రిల్, మే నెలలకు మనిషికి రెండు మూడు ప్లేట్లు ఎక్కువ వేసుకోవాలి. ప్లేటు కింద దురదతో ఎర్రని చిన్న చుక్కలు పాకుతుంటే అది బూజు జాతి ఇన్ఫెక్షన్, మందు పొడి కావాలి. క్రీము రాస్తే ప్లేటు పట్టదు.

ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు, గ్రామ క్లినిక్‌లలోని నర్సులకు బ్యాగు పాఠమంతా నేర్పకపోయినా ప్రమాద సూచనలు మాత్రం నేర్పాలి. ఆరోగ్యంగా ఉన్న స్టోమా ఎర్రగా, తడిగా, నోటి లోపలి చర్మంలా ఉంటుంది. నల్లబడితే, ఊదా రంగుకు తిరిగితే అదే రోజు సర్జన్ చూడాలి. ఇలియోస్టమీ నుంచి నాలుగైదు గంటలు ఏమీ రాక, పొట్ట మెలిపెట్టి వాంతులైతే దారి మూసుకుపోయినట్టు. తేగలు, మొక్కజొన్న పొత్తు, కొబ్బరి ముక్కలు, నమలని మునక్కాడ పిప్పి దీనికి తరచు కారణాలు. ఇలాంటివారికి విరేచనాల మందు ఇవ్వనే కూడదు.

వీటన్నింటికంటే ఎక్కువగా మనుషులను మళ్లీ ఆసుపత్రికి తెచ్చేది ఒంట్లో నీరూ ఉప్పూ తరిగిపోవడం. ఇలియోస్టమీ నుంచి రోజుకు 500 నుంచి 800 మి.లీ. రావడం మామూలు. 1500 దాటితే ప్రమాదం. మూత్రం తగ్గడం, నిలబడితే కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం దాని గుర్తులు. అప్పుడు ఇంట్లోవారు దాహం అంటున్నాడని చెంబులకు చెంబులు మంచినీళ్లు పట్టిస్తారు. వట్టి నీళ్లు ఎక్కువైతే చిన్నపేగు ఒంట్లోని ఉప్పును లాగి ఆ నీళ్లతో కలిపి బయటికి పంపేస్తుంది. తాగేకొద్దీ నష్టం పెరుగుతుంది. ఒక లీటరు నీళ్లలో ఒక పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి రోజంతా కొంచెం కొంచెంగా తాగించాలి. ఉప్పు వేసిన గంజి, ఉప్పు మజ్జిగ, సగ్గుబియ్యం జావ, అరటిపండు మంచివి. తగ్గకపోతే ఆసుపత్రికి పంపాలి. డిశ్చార్జి కిట్టులో ప్రతి ఇలియోస్టమీ వ్యక్తికీ ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక కొలత గ్లాసు ఇవ్వండి. వారి బీపీ, షుగరు మందులు నెమ్మదిగా కరిగే రకం మాత్రలైతే వాటినీ ఒకసారి సరిచూడాలి. పెద్దపేగు దాకా వెళ్లే అవకాశం లేక అవి మాత్రగానే సంచిలో తేలుతుంటాయి.

కిట్టు ఎన్ని రోజులకని అడిగితే మా సమాధానం నెల. ఇంటికెళ్లిన మొదటి నెలలోనే లీకులు ఎక్కువ, ప్లేట్లు ఎక్కువ ఖర్చవుతాయి, చేతికి అలవాటు తక్కువ. ఆ తర్వాత నెలనెలా సరుకు బీపీ, షుగరు మందుల మాదిరే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అందాలి. ప్లేటు కోసం జిల్లా కేంద్రానికి బస్సెక్కి వచ్చి ఒక రోజు కూలీ పోగొట్టుకునే మనిషి, నాలుగు రోజుల ప్లేటును పది రోజులు వాడతాడు. తాత్కాలికంగా పెట్టిన స్టోమాను తిరిగి మూసే ఆపరేషన్ సాధారణంగా రెండు మూడు నెలలకు చేయవచ్చు. పడక దొరకకో, అనుమతి రాకో అది వాయిదా పడినన్ని నెలలూ ఈ సరుకు ఆగకూడదు. డిశ్చార్జికి ముందు రోగి తన చేత్తో ఒకసారి, ఇంట్లోవారు ఒకరు ఒకసారి మా ఎదుట బ్యాగు మార్చాలి. అది జరిగిందని డిశ్చార్జి కాగితంలో ఒక గడి పెట్టండి.

దీన్ని చూడటానికి శిక్షణ ఉన్న నర్సు ఒకరు ఉండాలి. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో స్టోమా నర్సులకు ప్రత్యేక శిక్షణ ఉంది. విశాఖ కేజీహెచ్, గుంటూరు, తిరుపతి, కర్నూలు, వరంగల్ ఎంజీఎం, గాంధీ, ఉస్మానియా, నీలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి లాంటి పెద్ద ఆసుపత్రుల నుంచి ఒక్కో నర్సును పంపి, తిరిగొచ్చాక ఆ పనిలోనే ఉంచాలి. మరో వార్డుకు బదిలీ చేస్తే శిక్షణ వృథా. నర్సు బుద్ధి ఈ రంగంలో ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ: ఒంటికి అతికించి వాడి పారేసే స్టోమా బ్యాగు ఆలోచన 1954లో డెన్మార్క్‌కు చెందిన ఎలీస్ సోరెన్‌సెన్ అనే నర్సుది. ఆపరేషన్ అయ్యాక ఇల్లు కదలడానికి భయపడిన తన చెల్లెలి కోసం ఆమె అది ఆలోచించింది.

పన్ను విషయంలో కేంద్రం ఒక అడుగు వేసింది. 2022 జూలై 18 నుంచి ఈ సరుకులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, స్టోమా అందులో పేరుగా లేదు. ఆ చర్చ కేంద్రంతో వేరే చేయాలి. మీ చేతిలో ఉన్నవాటికి అది అడ్డు కాకూడదు.

చివరిగా ఆర్టీసీ వారికి కూడా ఒక విన్నపం మీ ద్వారా పంపుతున్నాం. బస్‌స్టేషన్ మరుగుదొడ్లలో, ఆడవారి వైపు ఒకటి, మగవారి వైపు ఒకటి చొప్పున, తలుపు లోపలి వైపు సంచి తగిలించుకునే కొక్కెం, ఛాతీ ఎత్తులో ఒక చిన్న అర, నీళ్లు వచ్చే కొళాయి, మగ్గు, మూత ఉన్న చెత్తడబ్బా ఉంటే చాలు. మార్చడానికి రెండు చేతులూ కావాలి. అర లేకపోతే కొత్త ప్లేటును నోట కరుచుకోవాల్సి వస్తుంది, చీర కుచ్చిళ్లు గడ్డం కింద నొక్కి పట్టుకోవాలి. వాడిన సంచి కాగితంలో చుట్టి వేయడానికి డబ్బా లేకపోతే అది దొడ్డిగుంటలోకి పోయి దాన్ని మూసేస్తుంది.

ఇట్లు,
స్టోమా సంరక్షణలో పనిచేసే నర్సులు, వైద్యులు